గోడకీ ఒంటికీ మధ్య కెమెరా: కట్టడాలతో ఆడే వీడియో ఆర్ట్‌లో అసలేం జరుగుతుంది?

తెల్లవారుజామున బీచ్‌రోడ్డు మీద ట్రైపాడ్ కనిపిస్తే విశాఖలో ఎవరైనా ముందు అనుకునేది ప్రీవెడ్డింగ్ షూట్ అనే. కురుసుర జలాంతర్గామి ముందు రీలు, వన్‌టౌన్ పాత మేడల సందుల్లో డాన్స్ కవర్, కొత్త అపార్ట్‌మెంట్ అమ్మకానికి డ్రోన్‌తో తీసిన వాక్‌త్రూ... మనిషీ కట్టడమూ ఒకే ఫ్రేములో కనపడటం ఈ ఊరికి కొత్త కాదు. అయితే అదే మనిషితో, అదే గోడతో, అదే కెమెరాతో తీసే ఇంకో రకం వీడియో ఉంది. అందులో పాట ఉండదు, కథ ఉండదు. ఒకాయన నేల మీద అంటించిన చతురస్రం గీత వెంబడి పది నిమిషాలు నడుస్తూనే ఉంటాడు. దాన్ని మ్యూజియంలో వేస్తారు, కళాచరిత్ర క్లాసుల్లో పాఠంగా చెబుతారు. "ఇందులో ఏముందండీ?" అని జనం అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. "అది ఆధునిక కళ, మీకు అర్థం కాదు" అన్నది దానికి జవాబు కాదు. గోడ కొలత, ఒంటి కొలత, లెన్సు కొలత తెలిస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

ఏది వీడియో ఆర్ట్, ఏది కాదు

వీడియో ఆర్ట్ అంటే కదిలే బొమ్మతో చేసే దృశ్యకళ. సినిమా హాలు కోసమో టీవీ కోసమో కాకుండా ఎక్కువగా గ్యాలరీ గది కోసం తయారవుతుంది. చాలాసార్లు లూప్‌లో తిరుగుతూ ఉంటుంది. ఒక తెర మీదే ఆడాలని లేదు. రెండు, నాలుగు, తొమ్మిది తెరల మీదికి పరుచుకోవచ్చు. 1967లో సోనీ కంపెనీ భుజాన మోసుకెళ్లగల పోర్టాపాక్ రికార్డర్ తెచ్చాక ఈ కళ ఊపందుకుంది. ఫిల్ము కడిగించే ఖర్చు పోయింది. కళాకారుడు తన గదిలో ఒంటరిగా కెమెరా పెట్టుకుని టేపు అయిపోయేదాకా తీసుకునే వీలొచ్చింది. అమెరికన్ కళాకారుడు బ్రూస్ నౌమన్ 1968లో తీసిన వీడియోలు చాలావాటికి 60 నిమిషాల నిడివి ఉండటం టేపు నిడివి వల్లే.

ఇక ఈ వీడియోల్లో కనపడే 'ప్రదర్శించే దేహం' అంటే నర్తకి దేహమే కానక్కర్లేదు. నడవడం, ఒరగడం, వంగి దూరడం, మెట్టు మీద ఆగడం కూడా ప్రదర్శనే. కట్టడం అంటే గుడి, మేడ, వంతెన, ఓడ, ఒక్కోసారి నేల మీద టేపుతో గీసిన గీత కూడా.

ఈ రకం వీడియోను రీలు నుంచి వేరుచేసే పరీక్ష ఒకటుంది. వెనక ఉన్న కట్టడాన్ని తీసేసి గ్రీన్‌మ్యాట్ సాయంతో ఇంకో భవనం అతికించామనుకుందాం. వీడియోకి ఏ నష్టమూ లేకపోతే అక్కడ కట్టడం ఉత్త బ్యాక్‌డ్రాప్. మనిషి ఎందుకలా కదులుతున్నాడో తెలియకుండా పోతే కట్టడం కూడా పాత్రధారే. చాలా ప్రీవెడ్డింగ్ వీడియోలు మొదటి రకం. అది తప్పేం కాదు, వాటి పని వేరు. పరీక్షలో ఇంకో సగం కూడా ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. కెమెరాను పది అడుగులు పక్కకి జరిపితే ఏమవుతుంది? ఏమీ కాకపోతే ఆ వీడియో ఒక ప్రదర్శనకి రికార్డింగ్ మాత్రమే. మొత్తం చెడిపోతే కెమెరా మూడో పాత్రధారి. మంచి పనుల్లో ఈ ముగ్గురూ ఒకరినొకరు ఇరుకున పెడతారు.

యాభై సెంటీమీటర్ల నడవా

నౌమన్ 1968లో తన స్టూడియోలో రెండు గోడలు ఎదురెదురుగా నిలబెట్టాడు. మధ్య వెడల్పు 20 అంగుళాలు, అంటే సుమారు 50 సెంటీమీటర్లు. చేతులు మెడ వెనక పెట్టుకుని, అడుగడుక్కీ నడుము ఒక పక్కకి విసురుతూ ఆ సందులో అటూ ఇటూ గంటసేపు నడిచాడు. ఆ నడుము వంపు గ్రీకు, రోమన్ శిల్పాల నుంచి వచ్చింది: బరువంతా ఒక కాలి మీద, రెండో పక్క సడలి ఉండే నిలుపు. మన శిల్పుల త్రిభంగికి దగ్గరి చుట్టం. శిల్పంలో కదలకుండా ఉండే భంగిమను నడిపిస్తే ఏమవుతుందో చూడటం ఆ వీడియోలో సగం పని. మిగతా సగం గోడలది. మనిషి భుజాల వెడల్పు 45 సెంటీమీటర్లనుకుంటే రెండు పక్కలా మిగిలేది రెండున్నర సెంటీమీటర్లు. నడుము ఎంత విసరాలో నిర్ణయించేది నర్తకుడు కాదు, ఆ సందు. కొరియోగ్రఫీ చేసింది గోడే అనొచ్చు.

మరుసటేడు, 1969లో, ఆ నడవాను అలాగే తీసుకెళ్లి ప్రదర్శనలో పెట్టాడు. ఇప్పుడు అందులో నడిచేది చూడటానికొచ్చినవాళ్లు. 1970లో ఇంకో మెట్టు ఎక్కాడు. నడవా చివర ఒకదానిమీద ఒకటి రెండు టీవీలు. ఒకదాంట్లో ఖాళీ నడవా టేపు ఆడుతుంటుంది. రెండోదానికి బొమ్మ అందించే కెమెరా నడవా మొదట్లో, పైన, మీ వీపు వెనక ఉంటుంది. మీరు టీవీ వైపు నడిచేకొద్దీ కెమెరాకి దూరమవుతారు. ఫ్రేములో బొమ్మ సైజు దూరానికి విలోమంగా మారుతుంది: కెమెరాకి మూడు మీటర్ల దూరంలో ఉన్నప్పుడు కనిపించిన వీపు, తొమ్మిది మీటర్లకు చేరేసరికి మూడో వంతవుతుంది. మిమ్మల్ని మీరు దగ్గరగా చూసుకోవాలని వెళ్లేకొద్దీ మీరు చిన్నవాళ్లై, వీపు చూపిస్తూ వెళ్లిపోతుంటారు. ఇందులో మాయ లేదు, కెమెరానీ టీవీనీ వేరు చివర్లలో పెట్టడమే.

ఈ సందు అనుభవం విశాఖ వాళ్లకి అమెరికా వెళ్లక్కర్లేకుండానే తెలుసు. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2002లో ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా మారిన కురుసుర పొడవు 91.3 మీటర్లు. లోపల దారి ఒకటే, ఒక వైపుకే. ఒక అర నుంచి ఇంకో అరలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి దూరాలి. తల వంచాలి, ముందు ఒక కాలు దాటించాలి, చేత్తో పై అంచు పట్టుకోవాలి. ఎవరూ నేర్పకుండానే అందరూ అదే ముద్ర పడతారు. కదలని కెమెరా ఒకటి ఆ కంతకి ఎదురుగా నడుమెత్తున పెట్టి ఒక పూట వదిలేస్తే ఏం వస్తుందో ఊహించండి. పిల్లలు వంగకుండా దూసుకొస్తారు. చీర కట్టుకున్నావిడ కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుంటుంది కాబట్టి ఆమెకి అంచు పట్టుకోవడానికి మిగిలేది ఒక్క చెయ్యే. మోకాలి నొప్పులున్న పెద్దాయన వెనక్కి తిరిగి దూరతాడు. ఒకే కట్టడం, ఒకే ఫ్రేము, మారేది ఒళ్లే.

తేడా కూడా చెప్పుకోవాలి. జలాంతర్గామి కంత చిన్నగా, గుండ్రంగా ఉండటానికి కారణముంది: అరల మధ్య గోడ నీటి ఒత్తిడి తట్టుకోవాలి, తలుపు క్షణాల్లో బిగుసుకోవాలి. ఇరుకుకి ఒక ప్రయోజనం ఉందని తెలిశాక మనసు దాని మీదికి పోతుంది. నౌమన్ నడవా ఇరుకుకి ఏ ప్రయోజనమూ లేదు. అందుకే అక్కడ ధ్యాస మళ్లీ మళ్లీ సొంత ఒంటి మీదికే వస్తుంది.

కెమెరా ముందు నేల త్రికోణం

నాట్యం తెలిసినవాళ్లు మొదటిసారి కెమెరాకి ఆడినప్పుడు పడే ఇబ్బంది ఒకటే: వేదిక కొలత పనికిరాదు. వేదిక దీర్ఘచతురస్రం. ముందు వరసలో ఎంత చోటుందో వెనకా అంతే ఉంటుంది. కెమెరా చూపు మాత్రం లెన్సు దగ్గర మొదలై వెనక్కి వెళ్లేకొద్దీ విచ్చుకునే త్రికోణం. అమెరికన్ నృత్యకారుడు మెర్స్ కన్నింగ్‌హామ్ 1974-75లో దర్శకుడు చార్ల్స్ అట్లస్‌తో కలిసి వీడియో కోసమే నృత్యం కూర్చడం మొదలుపెట్టినప్పుడు ముందుగా పట్టుకున్న విషయాల్లో ఇదొకటి.

లెక్క సులువే. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో బొమ్మను పట్టే సెన్సరు వెడల్పు 36 మిల్లీమీటర్లు. దాన్ని లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు మీద ఎంఎంలో రాసి ఉండే అంకె) భాగించి, దూరంతో గుణిస్తే అక్కడ కనపడే నేల వెడల్పు వస్తుంది. 24 ఎంఎం లెన్సుకి రెండు మీటర్ల దూరంలో మూడు మీటర్లు, ఆరు మీటర్ల దూరంలో తొమ్మిది మీటర్లు. 50 ఎంఎం లెన్సుకి అదే ఆరు మీటర్ల దగ్గర 4.3 మీటర్లే. ఎత్తు ఇంకా తక్కువ, ఎందుకంటే ఫ్రేము 16:9. చేతులెత్తి నిలబడ్డ మనిషి 2.2 మీటర్లనుకుంటే, తల నుంచి కాలిదాకా పట్టడానికి 24 ఎంఎంతో 2.6 మీటర్లు, 50 ఎంఎంతో దాదాపు ఐదున్నర మీటర్లు వెనక్కి వెళ్లాలి. పది పన్నెండు అడుగుల గదిలో రెండోది కుదరదు. అందుకే చిన్న గదుల్లో తీసినవన్నీ వైడ్ లెన్సు వీడియోలే. వాటిలో మనిషి నాలుగు మీటర్ల నుంచి రెండు మీటర్లకు వస్తే బొమ్మ రెండింతలవుతుంది. రెండు మూడు అంగలు వేస్తే చాలు, ముందుకంటే నాలుగింతల గోడను కప్పేస్తాడు.

అరకు ధింసాతో ఇంకోలా చూద్దాం. పన్నెండుమంది ఆడవాళ్లు ఒకరి వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకుని నిలబడితే గొలుసు పొడవు సుమారు ఆరు మీటర్లు. 24 ఎంఎం లెన్సుతో నాలుగు మీటర్ల దూరం నుంచి ఫ్రేము ఈ చివర నుంచి ఆ చివరకు నిండిపోతుంది. వెనక ఏముందో తెలియదు. గొలుసు చుట్టుకుని వలయం అవగానే దాని అడ్డుకొలత రెండు మీటర్లకు పడిపోతుంది. ఒక్కసారిగా పక్కలంతా ఖాళీ, అప్పటిదాకా దాగిన వాకిలి, స్తంభాలు, గుమ్మాలు బయటపడతాయి. కెమెరా కదల్లేదు, కట్ పడలేదు. కట్టడాన్ని తెరిచి చూపింది నాట్యమే.

ఇప్పుడు కాస్త కష్టమైనది. పది మీటర్ల అడ్డుకొలత, మనిషి కంటే ఎక్కువ ఎత్తు ఉన్న స్తూపం ఒకటనుకుందాం. దాని చుట్టూ ఒకామె ఒక మీటరు ఎడంగా ప్రదక్షిణ చేస్తోంది. చుట్టుదారి 37.7 మీటర్లు; సెకనుకి అర మీటరు చొప్పున నెమ్మదిగా నడిస్తే ఒక చుట్టుకి 75 సెకన్లు. స్తూపం మధ్య బిందువుకి 20 మీటర్ల దూరంలో కెమెరా పెడితే, జ్యామితి ప్రకారం చుట్టులో సుమారు 142 డిగ్రీలు స్తూపం వెనక దాగిపోతాయి. అంటే ప్రతి 75 సెకన్లలో దాదాపు 30 సెకన్లు ఫ్రేములో ఎవరూ ఉండరు. డాన్స్ వీడియో ఎడిటర్ అయితే ఆ 30 సెకన్లు కోసేస్తాడు. వీడియో ఆర్ట్‌లో ఆ ఖాళీయే అసలు విషయం. ఇటుకల మీద చూపు నిలిచేది అప్పుడే. ఆమె ఎటునుంచి వస్తుందో తెలిసి కూడా ఎదురుచూసేది అప్పుడే. కెమెరాని ఇంకా దగ్గరికి తెస్తే దాగే భాగం కొంత పెరుగుతుంది, పైగా స్తూపం ఫ్రేమును మింగేస్తుంది. డ్రోన్‌తో పైనుంచి తీస్తే దాగడమే ఉండదు. అప్పుడది ప్రదక్షిణ కాదు, ప్లాను మీద చుక్క తిరగడం.

పైనుంచి చూడటం తక్కువదని కాదు. ఐరిష్ నాటకకర్త శామ్యూల్ బెకెట్ 1981లో జర్మన్ టెలివిజన్ కోసం చేసిన 'క్వాడ్'లో ముసుగు అంగీలు తొడిగిన నలుగురు, పక్కకి ఆరు అంగల చతురస్రం మీద అంచుల వెంట, కర్ణాల వెంట నడుస్తారు. మధ్య బిందువుని మాత్రం తప్పించుకుంటారు. ఎత్తున పెట్టిన కెమెరా కదలదు. అక్కడ గోడలే లేవు. నడక నియమమే గదిని కడుతుంది.

కోతతో కట్టే ఇల్లు, పక్కకి తిరిగిన గోడ

కట్ వాడకపోవడం ఒక దారి, వాడటం ఇంకో దారి. అమెరికన్ దర్శకురాలు మాయా డెరెన్ 1945లో తీసిన చిన్న చిత్రంలో నర్తకుడు ట్యాలీ బీటీ అడవిలో కాలెత్తి గదిలో దించుతాడు. రెండు చోట్ల మధ్య గోడ ఎడిటింగ్ బల్ల మీద కూలిపోయింది. మనూరికి తెచ్చుకుంటే, సింహాచలం మెట్ల దారిలో ఎత్తిన అడుగు వన్‌టౌన్ డాబా మీద దిగొచ్చు. ఇది కుదరాలంటే కాలు ఫ్రేములో అదే సైజులో, అదే చోట, అదే దిశలో ఉండాలి. కోత కదలిక మధ్యలో పడాలి. కాలు ఆగాక పడితే కన్ను పట్టేస్తుంది. వెలుతురు తేడాని జనం క్షమిస్తారు, దిశ తేడాని క్షమించరు.

మూడో దారి కెమెరాను పక్కకి తిప్పేయడం. నౌమన్ 1968లో ఒక నడక వీడియోను కెమెరా అడ్డంగా పడుకోబెట్టి తీశాడు. మనిషి గోడ మీద నడుస్తున్నట్టుంటాడు. అమెరికన్ నృత్యకారిణి ట్రిషా బ్రౌన్ 1970లో న్యూయార్క్‌లో, వూస్టర్ వీధి 80వ నంబరు భవనం మీద దీన్ని తిరగేసింది. పర్వతారోహకుల తాళ్లు కట్టుకున్న ఒకతను పైకప్పు అంచు నుంచి నేలకి సమాంతరంగా ఒరిగి, గోడే నేల అన్నట్టు కిందిదాకా నడిచాడు. రెండింటినీ పక్కపక్కన పెడితే మోసం ఎక్కడ దొరికిపోతుందో తెలుస్తుంది: బట్ట వేలాడే దిక్కు, మెడ కండరాల బిగువు, చీలమండ వణుకు. గురుత్వాకర్షణకి ఎడిటింగ్ రాదు.

గది గొంతు

చూపు గురించి ఇంత మాట్లాడి చెవిని వదిలేయడం మామూలే. కాని ఖాళీ హాల్లో గజ్జెల చప్పుడు విన్నవాళ్లకి గది కూడా పాడుతుందని తెలుసు. శబ్దం ఆగాక అది 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే కాలాన్ని లెక్కగట్టే సేబిన్ సూత్రం ఒకటుంది: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గోడలూ మనుషులూ కలిసి శబ్దాన్ని పీల్చే మొత్తంతో భాగించాలి. 10 మీటర్ల పొడవు, 8 వెడల్పు, 4 ఎత్తు ఉన్న సిమెంటు హాలు 320 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 304 చదరపు మీటర్లు. గచ్చు ఉపరితలం మూడు శాతం పీలుస్తుందనుకుంటే మొత్తం తొమ్మిది. అంటే గజ్జె ఒక్కసారి మోగితే అయిదున్నర సెకన్లకు పైగా ఆ ధ్వని తచ్చాడుతుంది. ఇరవైమంది వచ్చి నిలబడితే, ఒక్కొక్కరు 0.45 చొప్పున, అది సగానికి పడిపోతుంది. ఒళ్లు గది శబ్దాన్ని తాగేస్తుందన్నమాట.

షూటింగ్‌లో పాట పెట్టి ఆడించి, తర్వాత స్టూడియో ట్రాక్ అతికిస్తే ఇదంతా పోతుంది. కన్ను పెద్ద హాలు చూస్తుంటే చెవి చిన్న గదిలో ఉంటుంది. చాలా డాన్స్ వీడియోల్లో కట్టడం అట్టముక్కలా అనిపించడానికి ఇదొక పెద్ద కారణం. మనుషులంతా బయటికెళ్లాక ఖాళీ గది శబ్దాన్ని ఒక నిమిషం విడిగా రికార్డు చేసుకునే అలవాటు ఇందుకే వచ్చింది.

విశాఖ ఎండ, ఉప్పుగాలి, యాభై హెర్ట్జ్

ఈ ఊరు అక్షాంశం 17.7 డిగ్రీలు. మే రెండో వారంలోనూ, ఆగస్టు తొలి రోజుల్లోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. నిలబడ్డ మనిషికి నీడ ఉండదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది, ఉత్తరపు గోడకి నడిమధ్యాహ్నం ఎండ తగిలేది అప్పుడే. డిసెంబరు చివర్లో అదే వేళకి 1.65 మీటర్ల మనిషి నీడ 1.4 మీటర్లు సాగుతుంది. నీడే కథ అయిన వీడియోకి నెల తప్పితే తీసేదేమీ ఉండదు.

మామూలు ఎండలో ఐఎస్ఓ (సెన్సరు వెలుతురుకి స్పందించే స్థాయి) 100, షట్టరు సెకనులో యాభయ్యో వంతు పెడితే ఎపర్చరును, అంటే లెన్సులో వెలుతురొచ్చే కంతను, ఎఫ్/22 దాకా మూయాలి. ఎఫ్/5.6కి తెరవాలంటే వెలుతురును నాలుగు స్టాపులు, అంటే పదహారో వంతుకు, తగ్గించే ఎన్‌డీ 16 ఫిల్టరు పెట్టాలి. చాలా ఫోన్లలో ఎపర్చరు మారదు కాబట్టి ఫోను షట్టరును వేల వంతులకు పరుగెత్తిస్తుంది. దాంతో ప్రతి ఫ్రేమూ గడ్డకట్టి చేతులు ముక్కముక్కలుగా కదిలినట్టుంటాయి. నెమ్మదైన కదలికకే దెబ్బ ఎక్కువ.

ఇంట్లో, హాల్లో తీస్తే ఇంకో తంటా. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకి వందసార్లు మినుకుతాయి. ఫోన్లో మామూలుగా ఉండే 30 ఫ్రేములు, అరవయ్యో వంతు షట్టరుతో తీస్తే గోడ మీద చారలు పాకుతుంటాయి. 25 ఫ్రేములు, యాభయ్యో వంతు లేదా నూరో వంతు పెడితే పోతాయి.

ఆటో ఎక్స్‌పోజరు సంగతి మరీ విచిత్రం. చీకటి మండపంలోకి తెల్లచీర కట్టుకున్నామె రాగానే కెమెరా గోడని చీకటి చేస్తుంది, వెళ్లిపోగానే వెలిగిస్తుంది. కట్టడం ఊపిరి తీస్తున్నట్టు కనిపిస్తుంది. కావాలనుకుంటే గొప్ప ఆలోచన. అనుకోకపోతే పాడైన టేకు. ట్రైపాడ్ మీద కూడా స్టెబిలైజేషన్ (కుదుపును సరిదిద్దే ఏర్పాటు) ఆన్‌లో వదిలేస్తే గోడ కొద్దిగా జారినట్టు కనపడొచ్చు. కెమెరా తలెత్తితే స్తంభాలు లోపలికి వాలతాయి. వేగంగా పక్కకి తిప్పితే రోలింగ్ షట్టరు (సెన్సరు ఫ్రేమును వరస వరసగా చదవడం) వల్ల అవే స్తంభాలు ఒరుగుతాయి. కట్టడమే పాత్రధారి అయిన చోట నిలువు గీత వాలడం, నటుడి ముఖం ఫోకస్ తప్పడంతో సమానం.

ఏసీ గదిలోంచి లెన్సు తీసుకుని వేసవి తేమలోకి వస్తే అద్దం మసకబారుతుంది. మూసిన సంచిలోనే ఓ అరగంట ఉంచితే బయటి వేడికి అలవాటుపడుతుంది. సముద్రం తుంపర ఆరాక మిగిలే ఉప్పుని పొడిబట్టతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు ఊదాలి, తర్వాత తడిపి తుడవాలి.

రికార్డింగా, కృతా?

ఈ రంగంలో తెగని వాదం ఇదే. ప్రదర్శన బతికేది జరిగిన ఆ క్షణంలోనే, రికార్డయ్యాక అది వేరే వస్తువు అని ప్రదర్శన కళల పరిశోధకురాలు పెగ్గీ ఫెలాన్ 1993లో వాదించింది. 'లైవ్' అనే భావనే రికార్డింగ్ వచ్చాక పుట్టిందని, రెండింటినీ శత్రువులుగా చూడటం కుదరదని అదే రంగం పరిశోధకుడు ఫిలిప్ ఆస్లాండర్ 1999లో ఎదురు చెప్పాడు. ఇద్దరి మాటకీ పరీక్ష లాంటి ఫొటో ఒకటుంది. ఫ్రెంచి కళాకారుడు ఈవ్ క్లైన్ 1960లో పారిస్ శివారులో ఒక గోడ మీంచి గాల్లోకి దూకుతున్న ఫొటో అది. కింద పట్టా పట్టుకున్న మిత్రులున్నారు. వాళ్లని తీసేసి ఖాళీ వీధి ఫొటోను అతికించారు. ఫొటోలో కనపడే ఆ దూకడం ఎన్నడూ జరగలేదు. మరి ప్రదర్శన ఎక్కడ జరిగింది? ఫెలాన్ వైపు నుంచి చూస్తే పట్టాలో, ఆస్లాండర్ వైపు నుంచి చూస్తే ఫొటోలో.

కళాకారుల ఫిర్యాదులు ఇంత తాత్వికంగా ఉండవు. నర్తకులు అనేది: కెమెరా పాదాలు కోసేస్తుంది. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద పాదాలే సర్వస్వం. ముఖం క్లోజప్ పడితే పళ్లెం పోతుంది, పళ్లెం పడితే అభినయం పోతుంది. ఆర్కిటెక్టులు అనేది: కట్టడం మా పని, దాన్ని మీరు సెట్టింగు చేశారు. అయితే బెర్నార్డ్ షుమీ లాంటి ఆర్కిటెక్టులే 1970ల చివర్లో, లోపల జరిగే సంఘటన లేకుండా కట్టడం పూర్తికాదని ప్లాను, ఫొటో, కదలిక గీతలు మూడూ పక్కపక్కన పెట్టి గీశారు. రెండు ఫిర్యాదుల్లోనూ నిజముంది. మొదటి పరీక్షలో గెలిచి రెండోదాంట్లో ఓడే వీడియోలే ఎక్కువ.

ఎవరి ఒళ్లు, ఎవరి గోడ

ప్రతి కట్టడంలోనూ ఒక ఊహామానవుడు దాగుంటాడు. ఆర్కిటెక్టు ల కార్బూజియే కొలమానంలో అతని ఎత్తు మొదట 1.75 మీటర్లు, తర్వాత 1.83. అది స్త్రీ కొలత కాదు, మన సగటు మగవాడి కొలతా కాదు. మన జాతీయ భవన నియమావళి ప్రకారం ఇంటి మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు మించకూడదు. జనం చేరే భవనాల్లో 15. ఆ నాలుగు సెంటీమీటర్ల తేడా మోకాలికి తెలుస్తుంది. కెమెరా మోకాలెత్తున ఉంటే చూసేవాళ్లకీ తెలుస్తుంది.

కొలత ఒక్కటే కాదు, హక్కు కూడా ఉంది. కళాకారిణి నళినీ మలాని 1969-76 మధ్య బొంబాయిలో చేసిన రెండు తెరల పనిలో ఒక పక్క ఆధునిక నగరం నమూనా రంగుల్లో మెరుస్తుంటే, రెండో పక్క ఒక యువతి మేడ కిటికీలోంచి నగరాన్ని చూస్తుంటుంది. ఆమె చేసే ప్రదర్శన అంతా చూడటమే. కలకీ కట్టినదానికీ మధ్య దూరం ఆమె ఒంటి నిశ్చలత్వంలో కనపడుతుంది.

విశాఖలో హక్కు ప్రశ్న చాలా మామూలు రూపాల్లో ఎదురవుతుంది. సింహాచలం కల్యాణమండపం 96 స్తంభాలతో ఇలాంటి పనికి ఎంత అనువుగా కనపడినా లోపల కెమెరాకి అనుమతి లేదు. శంకరం దగ్గర బొజ్జన్నకొండ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, సినిమా తరహా చిత్రీకరణకి ముందుగా లైసెన్సు కావాలి. తొట్లకొండ, బావికొండ రాష్ట్ర పురావస్తు శాఖవి. నౌకాదళం, ఓడరేవు ఉన్న ఊరు కాబట్టి డ్రోన్ ఎగరేసే ముందు రెడ్‌జోన్ మ్యాపు చూడక తప్పదు.

తొట్లకొండ మీద ఒక అసలైన సంకటం కూడా ఉంది. 1988-93 తవ్వకాల్లో బయటపడ్డ విహారాల్లో చాలావాటికి మిగిలింది పునాది గోడలే; నేల మీద నిజం సైజులో గీసిన ప్లానులా ఉంటాయి. ఒక గదిలో మనిషి నిలబడితేనే ఆ గది ఎంత ఇరుకో, పోయిన గోడ ఎంత ఎత్తుండేదో తడుతుంది. ఒళ్లు అక్కడ నిజంగా పనిచేస్తుంది. కానీ ఇటుక మీద అడుగు పడితే ఇటుక అరుగుతుంది, పరిరక్షకుల అభ్యంతరం అదే. గోడ ఎక్కకుండా, పక్కనుంచి, తక్కువ మందితో చేసే పనులకే అక్కడ న్యాయం ఉందనిపిస్తుంది.

చట్టం మన గ్రీన్‌మ్యాట్ పరీక్ష లాంటిదే ఇంకోటి పెడుతుంది. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రదేశంలోనో, జనం వెళ్లగలిగే ఆవరణలోనో శాశ్వతంగా ఉన్న కళాకృతిని సినిమాలో చూపించడం ఉల్లంఘన కాదు. వేరే చోట ఉన్నదాన్ని నేపథ్యంగానో, యాదృచ్ఛికంగానో మాత్రమే చూపించొచ్చు. ఎవరో ఆర్కిటెక్టు ప్రత్యేకంగా రూపొందించిన ప్రైవేటు ఇంటిని నేపథ్యంగా కాక ముఖ్య వస్తువుగా తీసేవాళ్లు ఈ రెండో మాటని జాగ్రత్తగా చదువుకోవాలి. ఇంటి యజమాని అనుమతి ఎలాగూ వేరే.

చూపే గది కూడా కట్టడమే

తీసిన వీడియో చివరికి ఇంకో గదిలోకి వెళ్తుంది, కొలతల గొడవ మళ్లీ మొదలవుతుంది. తెర మీది మనిషి నిజం సైజులో కనపడాలనుకుందాం. ఎత్తు 1.65 మీటర్లు, ఫ్రేము ఎత్తులో 60 శాతం ఆక్రమిస్తోంది. అయితే తెర ఎత్తు 2.75 మీటర్లు, వెడల్పు 4.9 ఉండాలి. త్రో రేషియో (తెర వెడల్పుకి ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలన్న అంకె) 1.5 ఉన్న ప్రొజెక్టరైతే 7.3 మీటర్లు వెనక్కి పెట్టాలి. మన చిన్న గ్యాలరీల్లో అంత లోతు అరుదు. పైగా మధ్యలో నడిచేవాళ్ల నీడ తెర మీద పడుతుంది. షార్ట్ త్రో ప్రొజెక్టరుతో నీడ పోతుంది కానీ, గోడ కాస్త ఉబ్బెత్తుగా ఉన్నా బొమ్మ వంకరపోతుంది. గచ్చు వేసిన మేస్త్రీ చేతిపని కూడా కృతిలో భాగమైపోతుంది.

చూసేవాళ్లు అలా కృతిలోకి రావడాన్నే కొందరు కోరుకుంటారు. అమెరికన్ కళాకారుడు డాన్ గ్రాహం 1974లో అద్దాల గదిలో, ఎనిమిది సెకన్ల కిందటి మిమ్మల్ని తెర మీద చూపే ఏర్పాటు చేశాడు. బ్రిటిష్ కళాకారుడు ఐజాక్ జూలియన్ 2019లో బ్రెజిల్ ఆర్కిటెక్ట్ లీనా బో బార్డీ కట్టడాల్లో తీసిన పనిని తొమ్మిది తెరల మీద పరిచాడు. ఎక్కడ నిలబడినా అన్నీ ఒకేసారి కనపడవు. చూడాలంటే నడవాలి.

మిగిలింది కూర్చునే బల్ల. గదిలో బల్ల వేస్తే వచ్చినవాళ్లు ప్రేక్షకులవుతారు, మొదటి నుంచి చివరిదాకా చూడాలనుకుంటారు, లూప్ ఎక్కడ మొదలైందో వెతుకుతారు. బల్ల తీసేస్తే నిలబడతారు, కాలు మారుస్తారు, గోడకి ఒరుగుతారు, రెండు నిమిషాలకే వెళ్లిపోతారు. అలా వెళ్లిపోవడాన్ని దృష్టిలో పెట్టుకునే చాలామంది కళాకారులు ఏ నిమిషంలో లోపలికొచ్చినా పట్టుదొరికేలా, ఆరంభం మీద ఆధారపడని వీడియో తీస్తారు. కథాచిత్రం అలవాటుతో వచ్చినవాళ్లకి "ఏమీ జరగడం లేదు" అనిపించేదీ దానివల్లే. బల్ల ఉండాలా వద్దా అన్నది చాలాసార్లు కళాకారుడు ఇచ్చే ఏర్పాటు పత్రంలో తెర కొలతల పక్కనే రాసి ఉంటుంది.